అమ్మినవాళ్లకు ఒక్క డాలరూ రాని అమ్మకం: షార్ట్ సేల్‌లో ఇంటి యజమానులు ఎందుకు మొండికేస్తారు?

అమెరికాలో ఇల్లు అమ్మినవాళ్లకు క్లోజింగ్ రోజున, అంటే అమ్మకం పూర్తయి ఇల్లు చేతులు మారే రోజున, అంతో ఇంతో డబ్బు చేతికొస్తుంది. షార్ట్ సేల్‌లో మామూలుగా రాదు. ఇంటి ధర కన్నా ఇంటి మీద అప్పు ఎక్కువైపోయి, ఆ తేడా పూడ్చే స్తోమత యజమానికి లేనప్పుడు, వచ్చినంత తీసుకుని తాకట్టు వదులుకోవడానికి బ్యాంకు ఒప్పుకుంటే జరిగే అమ్మకం అది. మన బ్యాంకుల్లో వన్ టైమ్ సెటిల్‌మెంట్ చూసినవాళ్లకు ఈ బేరం మరీ కొత్తగా అనిపించదు. కాకపోతే సెటిల్‌మెంట్‌లో డబ్బు బాకీదారే ఎక్కడో సర్దుకుని తెస్తాడు, షార్ట్ సేల్‌లో ఇల్లు కొనేవాళ్లు తెస్తారు.

2008 మాంద్యం తర్వాత నాలుగైదేళ్ల పాటు ఫ్లోరిడా, నెవాడా, అరిజోనా, కాలిఫోర్నియాల్లో ఇవి రోజువారీ వ్యవహారం. ఇప్పుడు అరుదే కానీ పూర్తిగా పోలేదు. 2021, 2022లో ధరలు శిఖరాన ఉన్నప్పుడు తక్కువ డౌన్ పేమెంటుతో కొన్నవాళ్లు, ఆ తర్వాత ధరలు దిగిన ఆస్టిన్ లాంటి ఊళ్లలో ఉద్యోగం పోగొట్టుకుంటే ఈ దారిలోకే వచ్చి పడతారు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువే కాబట్టి, తెలుగు కుటుంబాలకు ఇది దూరపు కథేం కాదు. అమ్మే వైపున లేకపోయినా, చవగ్గా వస్తుందని షార్ట్ సేల్ ఇంటికి ఆఫర్ పెట్టి నెలల తరబడి ఎదురుచూసే వైపున మనవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

ఈ అమ్మకాల్లో అందరినీ ఏడిపించే సమస్య ఒక్కటే: అమ్మేవాళ్లు సహకరించరు. ఫోన్ ఎత్తరు, కాగితాలు ఇవ్వరు, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లను గుమ్మం దాటనివ్వరు, చివర్లో సంతకం పెట్టరు. దీన్ని మొండితనంగానో బాధ్యత లేనితనంగానో కొట్టిపారేయడం ఏజెంట్లలో మామూలు. కానీ ఆ బేరంలో ఎవరికేం దక్కుతుందో ఒకసారి లెక్క వేస్తే, ఆ మొండితనానికి చాలావరకు కారణం దొరుకుతుంది.

ఒక ఇంటి మీద మొదటి అప్పు 4 లక్షల 20 వేల డాలర్లు, హోమ్ ఈక్విటీ మీద తీసుకున్న రెండో అప్పు 60 వేలు ఉన్నాయనుకుందాం. ఇల్లు 3 లక్షల 60 వేలకు పోతోంది. ఏజెంట్ల కమిషన్, టైటిల్ ఖర్చులు, కట్టని ఆస్తి పన్ను, హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) బకాయి పోగా మొదటి బ్యాంకుకు సుమారు 3 లక్షల 30 వేలు చేరతాయి. రెండో బ్యాంకు తన తాకట్టు వదులుకోవడానికి ఆ ఖర్చుల్లో భాగంగానే 6 వేలో ఎంతో విదిలిస్తారు. ఏజెంట్లకు కమిషన్ వచ్చింది. కొన్నవాళ్లకు ఇల్లు వచ్చింది. ఫోర్‌క్లోజర్ (బాకీ కోసం ఇల్లు వేలం వేయించడం) ఖర్చూ, ఖాళీ ఇంటి కాపలా ఖర్చూ బ్యాంకుకు తప్పాయి. అమ్మినవాళ్లకు మాత్రం సున్నా. పైగా అందరికన్నా ఎక్కువ చాకిరీ వాళ్లదే: బ్యాంకు అడిగిన ప్రతి కాగితమూ వాళ్ల బీరువాలోంచే రావాలి, వాళ్ల సంసారం లెక్కలన్నీ ముక్కూ మొహం తెలియని గుమస్తా ముందు పరవాలి, తమ ఇల్లు తమ చేతులతో శుభ్రం చేసి ఇంకొకరికి చూపించాలి.

కాబట్టి సహకరించని యజమానిని ఎదుర్కొన్నప్పుడు ముందు అడగాల్సింది, ఈ మనిషికి ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు అని. సాధారణంగా అవి మూడే. మిగిలిన బాకీ కోసం బ్యాంకు రేపు నా మీద కేసు వేస్తుందా? మాఫీ అయిన సొమ్ముకు పన్ను కట్టమంటారా? ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి, చేతిలో అడ్వాన్సుకు కూడా డబ్బు లేకుండా? ఈ మూడింటికీ నోటి మాటగా కాక కాగితం మీద జవాబు చూపించగలిగితే, మొండికేసినవాళ్లలో చాలామంది కదులుతారు. చూపించలేకపోతే, వాళ్లు కదలకపోవడమే సబబైన సందర్భాలూ ఉంటాయి.

మిగిలిన బాకీ ఎవరి నెత్తిన?

పై లెక్కలో మొదటి బ్యాంకుకు 90 వేలు, రెండో బ్యాంకుకు 54 వేలు తక్కువ పడ్డాయి. ఈ లోటును అక్కడ డెఫిషియెన్సీ అంటారు. దాన్ని తర్వాత వసూలు చేసుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆ తేడా చిన్నది కాదు.

కాలిఫోర్నియాలో 2011 జులై 15 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, నాలుగు పోర్షన్లకు మించని నివాస గృహం షార్ట్ సేల్‌కు బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మిగిలిన బాకీ అడగడానికి వీల్లేదు. మొదటి బ్యాంకైనా అంతే, రెండో బ్యాంకైనా అంతే. ఒప్పుకోవడానికి అదనంగా మీ జేబులోంచి ఇంత కట్టండని అమ్మేవాళ్లను అడగడానికీ లేదు. అమ్మేవాళ్లు మోసం చేస్తేనో, ఇంటిని పాడుచేస్తేనో తప్ప ఈ రక్షణ పోదు. శాక్రమెంటోలో ఉన్న యజమాని భయపడి కాగితాలు ఇవ్వట్లేదంటే, ఈ ఒక్క విషయం లాయరు నోట వినిపిస్తే చాలు, పని సగం అయినట్టే.

టెక్సాస్, ఫ్లోరిడాల్లో షార్ట్ సేల్‌కు ఇలాంటి అండ లేదు. అక్కడ అంతా బ్యాంకు పంపే అప్రూవల్ లెటర్‌లో ఏం రాసి ఉందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని లెటర్లలో ఇంటి మీద తాకట్టు విడుదల చేస్తున్నామని మాత్రమే ఉంటుంది. అంటే ఇల్లు కొన్నవాళ్లకు చిక్కు లేదు, కానీ అప్పు అమ్మినవాళ్ల మెడకే ఉంది. కొన్నింటిలో బాకీ మొత్తం తీరినట్టు పరిగణిస్తామని, ఇకపై వసూలు హక్కు వదులుకుంటున్నామని స్పష్టంగా ఉంటుంది. ఈ రెండు రకాల లెటర్ల మధ్య తేడా మన ఉదాహరణలో లక్షా 44 వేల డాలర్లు. మొదటి రకం లెటరు చేతికొచ్చినప్పుడు సంతకం పెట్టనన్న యజమానిని సహకరించని మనిషి అనడం అన్యాయం. ఆయన చేస్తున్నది తన కుటుంబాన్ని కాపాడుకోవడం. అలాంటప్పుడు ఒత్తిడి పెట్టాల్సింది ఆయన మీద కాదు, బ్యాంకు మీద. లెటరు మార్పించమని అడగాలి. మార్చకపోతే కొంత సొమ్ముకు ప్రామిసరీ నోటు రాసిచ్చి మిగతాది వదిలించుకోవచ్చేమో బేరమాడాలి. క్లోజింగ్‌కు వారం ముందు హడావుడిగా చేసే పని కాదిది. ఆఫర్ పంపేటప్పుడే మొదలుపెట్టాలి.

రెండో బ్యాంకు మరీ చిక్కు. ఇల్లు వేలానికి వెళ్తే తనకు పైసా రాదని దానికి తెలుసు, కానీ షార్ట్ సేల్‌ను ఆపగల శక్తి తనకుందనీ తెలుసు. బ్యాంకుల నుంచి ఇంటి అప్పులు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు 2012 నవంబర్ నుంచి రెండో తాకట్టుకు 6 వేల డాలర్ల దాకా ఇవ్వొచ్చని హద్దు పెట్టింది ఈ పేచీలు తగ్గించడానికే.

పన్ను సంగతి కూడా ఇలాగే ముందే తేల్చాలి. మాఫీ అయిన అప్పును అమెరికా పన్ను చట్టం మామూలుగా ఆదాయంగానే చూస్తుంది. ఎంత మాఫీ అయిందో చెబుతూ బ్యాంకు 1099-సి ఫారం పంపుతుంది. 2007లో తెచ్చిన చట్టం, సొంత నివాసం కోసం తీసుకున్న అప్పులో 20 లక్షల డాలర్ల దాకా మాఫీ అయినా పన్ను లేదంది. 2021 నుంచి ఆ హద్దును ఏడున్నర లక్షలకు దించి 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. ఈ గడువును నమ్ముకునేవాళ్లు, బ్యాంకుతో తమ మాఫీ ఒప్పందం ఏ తేదీన రాతలోకి వచ్చిందో సీపీఏకు (అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్) చూపించుకోవాలి. గడువుతో పనిలేని దారి ఇంకొకటుంది: మాఫీ జరిగే క్షణానికి ముందు మొత్తం అప్పులు మొత్తం ఆస్తుల కన్నా ఎక్కువగా ఉంటే, ఆ తేడా మేరకు మాఫీ సొమ్మును ఆదాయంలోంచి తీసేయొచ్చు. దీనికి ఫారం 982 నింపాలి. ఆస్తుల్లో రిటైర్మెంటు ఖాతా 401(కె) కూడా లెక్కకొస్తుంది. ఏజెంటు ఈ సలహా తానే ఇవ్వకూడదు, అది ఆయన లైసెన్సు పరిధి కాదు. కానీ యజమానిని సీపీఏ దగ్గరికీ లాయరు దగ్గరికీ పంపించే దాకా లిస్టింగ్ సైన్‌బోర్డు పాతకుండా ఉండటం ఆయన చేతిలోని పనే. ఆరు నెలల తర్వాత పెట్టాల్సిన ఖర్చు మొదటి వారంలోనే పెట్టించడం అందరికీ మేలు.

నాలుగో పేజీ

సహకరించే యజమాని కూడా ఎలా విసిగిపోతాడో చూడాలంటే బ్యాంకు అడిగే కాగితాల కట్ట చూడాలి. కష్టం ఎందుకొచ్చిందో వివరించే హార్డ్‌షిప్ లెటరు, రెండు నెలల జీతం స్లిప్పులు, రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, రెండేళ్ల ట్యాక్స్ రిటర్నులు, ఆదాయ వ్యయాల పట్టిక, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి రిటర్నులు తెప్పించుకునే అనుమతి పత్రం, ఏజెంటుతో మాట్లాడొచ్చని బ్యాంకుకు ఇచ్చే ఆథరైజేషన్. వినడానికి పెద్దగా లేదు.

బ్యాంకు స్టేట్‌మెంటు మీద కింద "4లో 1వ పేజీ" అని ఉంటుంది. నాలుగో పేజీలో సాధారణంగా ఏమీ ఉండదు, ఖాళీ కాగితమో, చెక్‌బుక్కు సరిచూసుకునే పట్టికో. యజమాని మూడు పేజీలు స్కాన్ చేసి పంపుతాడు. పది రోజుల తర్వాత ఫైలు అసంపూర్తిగా ఉందని జవాబొస్తుంది. నాలుగో పేజీ పంపేసరికి జీతం స్లిప్పు పాతబడింది, కొత్తది కావాలంటారు. కాగితాలకు 60 నుంచి 90 రోజులే ప్రాణం. ఈలోగా ఫైలు చూసే మనిషి మారతాడు, కొత్త మనిషి మొదటినుంచి అడుగుతాడు. ఆ రెండో విడతకో మూడో విడతకో యజమాని ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అప్పటికి ఆయనకు ఇచ్చే పేరు సహకరించని అమ్మకందారు. నిజానికి ఆ ఓపికను అరగదీసింది అప్పుల వసూళ్లూ ఫైళ్లూ చూసే సర్వీసింగ్ వ్యవస్థే.

దీనికి మందు బుద్ధులు చెప్పడంలో లేదు. కాగితాలు తెమ్మని మెయిళ్లు పెట్టే బదులు ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఫోనుతోనే స్కాన్ చేసి పంపే ఏజెంటుకు ఫైళ్లు కదులుతాయి. ఇల్లు అమ్మే పని ఏజెంటుకు అప్పగించే లిస్టింగ్ ఒప్పందం మీద సంతకం జరిగిన రోజే మొత్తం కట్ట చేతికి రావాలని పట్టుబట్టడం ఇంకా మంచిది. ఆ రోజు యజమానికి ఆశ ఎక్కువ, అలసట తక్కువ. మొదటి సంతకానికీ మొదటి ఆఫర్‌కూ మధ్య నాలుగు నెలలు గడిచాక అడిగితే దొరికేది చిరాకే. తర్వాత కూడా ప్రతి నెలా జీతం స్లిప్పు వచ్చిన రోజున ఒక గుర్తు మెసేజ్ పెడితే, బ్యాంకు అడిగేలోపే కొత్త కాగితం చేతిలో ఉంటుంది.

కాగితాల ఆలస్యానికి వెల కూడా ఉంది. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధనల ప్రకారం, బాకీ 120 రోజులు దాటితే తప్ప ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. వేలం తేదీకి 37 రోజులకు మించి ముందుగా పూర్తి దరఖాస్తు అందితే, దాన్ని పరిశీలించి జవాబిచ్చే దాకా వేలం ముందుకు పోకూడదు. ఇందులో కీలకమైన మాట "పూర్తి". ఆ ఖాళీ నాలుగో పేజీ లేకపోతే దరఖాస్తు పూర్తి కాదు, 37 రోజుల రక్షణా ఉండదు. ఇది యజమానికి భయపెట్టేలా కాకుండా, క్యాలెండర్ ముందు పెట్టి వేలి చూపుతో వివరించాలి.

ఇల్లు వదలని మనసు

కొందరికి కాగితాలతో ఇబ్బంది లేదు, ఇల్లు ఖాళీ చేయడంతోనే ఉంది. వాయిదా కట్టడం ఆగిపోయింది, అద్దె లేదు, పిల్లలు అదే స్కూలుకు వెళ్తున్నారు. ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లు లాభమే కదా అన్న లెక్క. న్యూజెర్సీ, న్యూయార్క్, ఫ్లోరిడాల్లో ఫోర్‌క్లోజర్ కోర్టు ద్వారా జరుగుతుంది కాబట్టి ఏళ్లు పట్టొచ్చు, ఆ లెక్కలో నిజముంది. టెక్సాస్‌లో కోర్టు అక్కర్లేదు. 21 రోజుల నోటీసు, నెలలో మొదటి మంగళవారం కౌంటీ వేలం, అంతే. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బంధువు చెప్పిన ధైర్యం పట్టుకుని టెక్సాస్ ఫ్రిస్కోలో కూర్చున్నవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. వేరే రాష్ట్రం అనుభవం పనికి రాదని మొదటి మాటల్లోనే చెప్పాలి.

ఖాళీ చేయడానికి చేతిలో సొమ్ము లేకపోవడమే అసలు అడ్డంకి అయితే, మార్గాలున్నాయి. 2010 ఏప్రిల్‌లో మొదలైన ఫెడరల్ పథకం హఫా అందుకే ఇల్లు మారే ఖర్చుకు 3 వేల డాలర్లు ఇచ్చింది. 2015లో దాన్ని 10 వేలకు పెంచారు. ఆ పథకం ముగిసినా, ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ అప్పులకూ, ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ కొన్న అప్పులకూ అర్హతను బట్టి తరలింపు సాయం ఉంటుంది. తమ అప్పు ఎవరిదో సర్వీసర్‌ను అడిగి, ఎంత వస్తుందో లెటరులో రాయించుకోవాలి. ఈ సొమ్ము క్లోజింగ్ లెక్కల్లో కనపడాలి. ఫ్రిజ్జు కొన్నామనో సోఫా కొన్నామనో పేరు పెట్టి కొనేవాళ్ల చేత చాటుగా డబ్బు ఇప్పించడం నేరం. అమ్మేవాళ్లను ఊరుకోబెట్టడానికి ఈ దారి సూచించే ఏజెంటు ఇద్దరినీ ఊబిలోకి దించుతున్నట్టే.

ఏళ్ల తరబడి సాగదీయొచ్చు అనుకునేవాళ్లకు చూపించాల్సిన లెక్క ఇంకొకటుంది. ఫ్యానీ మే నిబంధనల్లో ఫోర్‌క్లోజర్ అయితే మళ్లీ ఇంటి అప్పు దొరకడానికి ఏడేళ్లు ఆగాలి. షార్ట్ సేల్ అయితే నాలుగేళ్లు. ముప్పై అయిదేళ్ల మనిషికి ఆ మూడేళ్ల తేడా చిన్నది కాదు. అరవై రెండేళ్ల మనిషికి, ఇక ఇల్లు కొనే ఉద్దేశం లేనివాళ్లకు, ఆ వాదన పనిచేయదు. అలాంటివాళ్లకు చెప్పాల్సింది వేరే. షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) వచ్చి సామాను బయట పెట్టించే రోజును బ్యాంకూ కోర్టూ నిర్ణయిస్తాయి. షార్ట్ సేల్‌లో ఖాళీ చేసే తేదీ గురించి తామే మాట్లాడుకోవచ్చు.

ఇల్లు చూపించనివ్వకపోవడం మరో పేచీ. ఇందులో ఒక చోట జరిగే నష్టం చాలామందికి కనపడదు. ఆఫర్ వచ్చాక బ్యాంకు బీపీఓ (ఇంటి ధర మీద బ్రోకర్ ఇచ్చే అంచనా) కోసం ఒక స్థానిక బ్రోకర్‌ను పంపుతుంది. ఆయన ఇల్లు చూసి ధర చెప్పాలి. పది గంటలకు రమ్మన్నారు, తలుపు తీయలేదు. ఆయన అయిదు నిమిషాలు నిలబడి, వీధిలోంచి నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతాడు. బయట లాన్ బాగానే ఉంది, పైకప్పు కనపడినంత మేరకు బాగానే ఉంది. లోపల పైపు పగిలి కుళ్లిన వంటింటి నేల, పై గది గోడ మీద బూజు, ఊడదీసిన కార్పెట్ ఆయన లెక్కలోకి రావు. ఇల్లు 4 లక్షలు చేస్తుందని రాస్తాడు. 3 లక్షల 60 వేల ఆఫర్ తక్కువని బ్యాంకు తిరగ్గొడుతుంది. ఒక తలుపు తీయనందుకు ఖరీదు 40 వేల డాలర్ల పేచీ, కనీసం రెండు నెలల ఆలస్యం. అందుకే బీపీఓ రోజున లిస్టింగ్ ఏజెంటు తప్పనిసరిగా ఇంటి దగ్గరే ఉండాలి. రిపేర్ల అంచనాలు, చుట్టుపక్కల అమ్మకాల వివరాలు ప్రింటు తీసి బ్రోకర్ చేతిలో పెట్టాలి. మిగతా సందర్శనలకు మాత్రం యజమానిని రోజూ విసిగించక్కర్లేదు. శనివారం పదకొండు నుంచి ఒంటి గంట దాకా అని ఒకే సమయం పెట్టి, ఆ రెండు గంటలు కుటుంబాన్ని బయటికి వెళ్లమంటే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

ఇంట్లో ఇద్దరు, ఇండియాలో ప్లాటు

టైటిల్ మీద ఇద్దరి పేర్లుంటే ఇద్దరి సంతకాలూ కావాలి. విడాకుల దాకా వచ్చిన దంపతుల్లో ఒకరు ఇల్లు వదిలించుకోవాలని, ఇంకొకరు ఎదుటివాళ్ల మీద కసి తీర్చుకోవాలని చూస్తుంటే, ఏజెంటు రాయబారం పనిచేయదు. విడాకుల కోర్టు నుంచి అమ్మకానికి ఉత్తర్వు తెచ్చుకోవడమే దారి. ఇద్దరితో ఒకే మెయిల్లో మాట్లాడటం, ఒకరి మాట ఇంకొకరికి మోయకపోవడం కనీస జాగ్రత్త. దివాలా పిటిషన్ వేసి ఉంటే కోర్టు అనుమతి లేకుండా అమ్మకం కుదరదు. అది యజమాని చేతిలో ఉన్న విషయం కాదు గనక ఆయన మీద కోప్పడి లాభం లేదు.

ఇంకొందరు బయటివాళ్ల మాట విని ఆగిపోతారు. లోన్ మాడిఫికేషన్ చేయిస్తామని, మీరు బ్యాంకుతో మాట్లాడకండని, ముందు ఫీజు కట్టండని చెప్పే కంపెనీలు 2008 తర్వాత పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2011 జనవరి 31 నుంచి ఇలా ముందస్తు ఫీజు తీసుకోవడాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిషేధించింది. బ్యాంకుతో మాట్లాడొద్దని చెప్పడం కూడా ఆ నిబంధనల్లో తప్పే. యజమాని హఠాత్తుగా మాట్లాడటం మానేసి, ఎవరో "కౌన్సెలర్" చూసుకుంటున్నాడని అంటే, ఎంత కట్టారని సున్నితంగా అడగాలి. ఉచితంగా సలహా ఇచ్చే, ఫెడరల్ గృహ నిర్మాణ శాఖ (హడ్) ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు నిజంగానే ఉన్నారు. అక్కడికి పంపడం ఏజెంటు బేరానికి అడ్డం కాదు.

తెలుగు కుటుంబాల్లో మాత్రం కాగితాలు ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, అది ఎవరూ పైకి చెప్పరు. ఆస్తుల పట్టిక నింపమన్నప్పుడు శంషాబాద్ దగ్గర కొన్న ప్లాటు, అమ్మానాన్నలతో కలిసి తెరిచిన ఎన్‌ఆర్‌ఓ ఖాతా, విజయవాడలో తన పేరున ఉన్న ఫ్లాటు రాయాలా వద్దా అన్న గుబులు. రాస్తే బ్యాంకు అవి అమ్మి కట్టమంటుందేమో. రాయకపోతే ట్యాక్స్ రిటర్నులో షెడ్యూల్ బి మీద విదేశీ ఖాతా ఉందని ఇప్పటికే టిక్కు పెట్టి ఉంది, రెండూ పక్కపక్కన పెడితే దొరికిపోతాం. ఈ మీమాంసలో పడిన మనిషి ఏ కాగితమూ పంపకుండా రోజులు నెడతాడు. ఇక్కడ సలహా ఒక్కటే, అందులో రెండో మాట లేదు: ఉన్నది ఉన్నట్టు రాయాలి. అప్పు విషయంలో బ్యాంకుకు తెలిసి తెలిసి తప్పుడు వివరాలివ్వడం ఫెడరల్ నేరం, వీసా మీద ఉన్నవాళ్లకు దాని పర్యవసానం ఇల్లు పోవడం కన్నా పెద్దది. దివాలా స్థాయి లెక్కతో పన్ను తప్పించుకోవాలన్నా ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తి అయినా లెక్కకొస్తుంది. ఆస్తి ఉన్నంత మాత్రాన షార్ట్ సేల్ రాదని కాదు. కాలిఫోర్నియా లాంటి చోట తప్ప, కొంత సొమ్ము కట్టమని బ్యాంకు అడగొచ్చు, అప్పుడు బేరమాడుకోవచ్చు.

బావమరిది పేరున కొనిపించి అదే ఇంట్లో ఉండిపోదామన్న ఆలోచన కూడా మనవాళ్లలో తరచూ వస్తుంది. షార్ట్ సేల్‌లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఏజెంట్లూ కలిసి ఒక అఫిడవిట్ మీద సంతకం పెడతారు: మా మధ్య బంధుత్వం లేదు, చాటు ఒప్పందం లేదు, అమ్మినవాళ్లు ఆ ఇంట్లో అద్దెకు ఉండబోవడం లేదు అని. ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి కదా, ఎవరు కనిపెడతారు అన్న ధైర్యం పనికిరాదు. బయటి ఆఫర్లను యజమాని ఏదో ఒక వంకతో తిరగ్గొడుతుంటే దీని వాసన పసిగట్టి, ఏజెంటు మొహం మీదే అడిగేయడం మంచిది.

ఎప్పుడు వదిలేయాలి

మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాక కూడా కదలనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఆ ఇల్లు అమ్మాలని లేదు, అంతే. బలవంతంగా అమ్మించే హక్కు ఎవరికీ లేదు. ఏజెంటు కాగితం మీద గడువు పెట్టి, ఫలానా తేదీకి ఫలానా కాగితాలు రాకపోతే లిస్టింగ్ వెనక్కి తీసుకుంటానని మర్యాదగా రాయాలి, ఆ తేదీన నిజంగా తీసుకోవాలి. యజమాని తరఫున తానే సంతకం చేయడం, హార్డ్‌షిప్ లెటరు తానే అల్లి పంపడం లాంటివి ఎంత చిన్నగా మొదలైనా ఫోర్జరీలే.

కొనేవాళ్లకు ఇంకా తక్కువ చేయి ఆడుతుంది. ఒప్పందం బ్యాంకు అనుమతికి లోబడి ఉంటుంది కనక, కోర్టుకెక్కి ఇల్లు రాయించుకోవడం దాదాపు కుదరని పని. డబ్బు లేని మనిషి మీద నష్టపరిహారం గెలిచినా వసూలయ్యేది లేదు. అందుకే ఆఫర్ పెట్టేముందే నాలుగు సంగతులు అడగాలి: టైటిల్ మీద ఉన్నవాళ్లంతా లిస్టింగ్ మీద సంతకం పెట్టారా, ఎన్ని తాకట్లున్నాయి, వేలం తేదీ పడిందా, బ్యాంకుకు పూర్తి కట్ట వెళ్లిందా. వీటికి తడబడే జవాబొస్తే ఆ ఇంటి మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు. పెట్టుకున్నా, బ్యాంకు అనుమతి ఫలానా తేదీలోపు రాకపోతే ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కి తీసుకుని వెళ్లిపోయే వెసులుబాటు ఒప్పందంలో ఉండాలి. ఇల్లంతా తిరిగి చూసుకునే చివరి వాక్‌త్రూ క్లోజింగ్ రోజు పొద్దున్నే చేయాలి. కోపంతో వెళ్లే యజమానులు స్టవ్వు, ఏసీ కంప్రెసర్, ఒక్కోసారి వంటింటి క్యాబినెట్లు కూడా పీక్కెళ్లిన సందర్భాలు లేకపోలేదు. తరలింపు సొమ్ము ఇల్లు శుభ్రంగా ఖాళీ చేసి అప్పగిస్తేనే అన్న షరతు అక్కడ అక్కరకొస్తుంది.

ఇక యజమాని అప్పటికే ఇండియా వచ్చేసి ఉంటే, సహకరించాలని ఉన్నా సహకరించలేని పరిస్థితి. పవర్ ఆఫ్ అటార్నీ ఆ ఇంటికీ ఆ అమ్మకానికీ ప్రత్యేకించి రాయించాలి. దాని నమూనాను బ్యాంకూ టైటిల్ కంపెనీ ముందే ఒప్పుకోవాలి. తర్వాత హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని నోటరీ చేయించుకోవచ్చు, లేదా ఇక్కడి నోటరీ మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించుకోవచ్చు. కాన్సులేట్‌లో స్లాటు దొరక్క అప్రూవల్ లెటరు గడువు దాటిపోయే ప్రమాదం ఉంది గనక, ఆఫర్ వచ్చేదాకా ఆగకూడదు, విమానం ఎక్కకముందే అమెరికాలోనే రాసిచ్చి రావడం అన్నిటికన్నా సులువు.

అంతకన్నా చాలామందికి తెలియని చిక్కు ఫిర్‌ప్టా, విదేశీయులు అమ్మే ఆస్తి మీద పన్ను కోత పెట్టే చట్టం. గ్రీన్ కార్డు లేకుండా తిరిగొచ్చేసి, పన్ను లెక్కల్లో అమెరికా నివాసి కాకుండా పోయిన మనిషి ఇల్లు అమ్మితే, కొనేవాళ్లు ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కు కట్టాలి. 3 లక్షల 60 వేల మీద 54 వేలు. అమ్మినవాళ్లకు పైసా రాని అమ్మకంలో ఆ 54 వేలు ఎవరివి? బ్యాంకు తన వాటాలోంచి వదలదు. కొనేవాళ్లు తామే ఆ ఇంట్లో ఉండటానికి కొంటే, ధర 3 లక్షల లోపైతే ఈ కోత ఉండదు, 3 నుంచి 10 లక్షల మధ్యయితే 10 శాతం. అప్పటికీ 36 వేలు. లాభం లేని అమ్మకం కాబట్టి కోత తగ్గించమనో రద్దు చేయమనో ఫారం 8288-బి పెట్టుకోవచ్చు. ఐఆర్‌ఎస్ దాన్ని తేల్చడానికి సాధారణంగా 90 రోజులు తీసుకుంటుంది. క్లోజింగ్ తేదీ నాటికో అంతకు ముందో దరఖాస్తు పడి ఉంటే, కొనేవాళ్లు పట్టుకున్న సొమ్మును ఐఆర్‌ఎస్ తేల్చేదాకా కట్టకుండా ఉంచొచ్చు. కానీ పట్టుకోవడానికి ముందు ఆ సొమ్ము ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కాబట్టి ఇండియాలో ఉన్న అమ్మకందారు విషయంలో బ్యాంకుకు ఆఫర్ పంపిన వారంలోనే సీపీఏ చేత 8288-బి తయారు చేయించడం మొదలుపెట్టాలి. దానికి ఐటిన్ (ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను గుర్తింపు సంఖ్య) గానీ సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ ఇద్దరికీ, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ, ఉండి తీరాలి.